పగిలిన హెడ్డు

సాలూరు దాటి, సుంకి ఘాటు ఎక్కి, పొట్టంగి మీదుగా సెమిలిగుడ చేరే రోడ్డు మా కోరాపుట్ జిల్లా తెలుగువాళ్లకు పుట్టింటి దారి. ఒకప్పుడు దాన్ని 43వ నంబరు జాతీయ రహదారి అనేవారు. 2010లో దేశమంతటా నంబర్లు మార్చినప్పుడు అది 26 అయింది. నంబరు ఏదయినా ఘాటు ఘాటే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. మధ్యలో గీత పడినా చుట్టరికాలు తెగలేదు. పెళ్లిళ్లకూ, పురుళ్లకూ, పైడితల్లమ్మ సిరిమానుకూ, పెద్ద డాక్టర్లకూ మేము ఆ దారినే కిందికి దిగుతాం, ఆ దారినే పైకి ఎక్కుతాం.

అందుచేత ఈ ఊళ్లో ఎవరైనా కారు కొంటే ఇరుగుపొరుగు ముందుగా అడిగేది లీటరుకు ఎంత ఇస్తుందని కాదు, "ఘాటు ఎక్కుతుందా?" అని. మా అంబాసిడరు ఏళ్ల తరబడి ఎక్కింది. 1980ల నాటి మార్క్ 4, పెట్రోలు బండి. మా ఇంటికి వచ్చేసరికే చేతులు మారిన బండి. 2018లో దాని ఇంజను హెడ్డు పగిలింది. ఇంజను సంగతులు ఇల్లాలు రాయడమేమిటని నవ్వకండి. ఇంట్లో పద్దు రాసేది నేనే, వెనక సీట్లో అత్తయ్యగారిని పట్టుకుని కూర్చునేదీ నేనే. బాగుచేసిన ఆ బండిని నమ్మి ఎక్కవచ్చా, ఎక్కకూడదా అన్నది మావారికంటే నాకే ఎక్కువ కావలసిన సంగతి.

తెగులు బయటపడింది సాలూరు నుంచి తిరిగి వస్తుండగా. ఘాటు సగం ఎక్కేసరికి వేడి చూపించే ముల్లు పైకి పోయింది. మావారు వెంటనే బండి పక్కకు తీసి ఇంజను ఆపేశారు. గంటకు పైగా చల్లారనిచ్చి మూత తీస్తే రేడియేటరులో నీళ్లు సగం కూడా లేవు. నీళ్లు నింపి స్టార్టు చేస్తే రేడియేటరు మూతి దగ్గర అన్నం ఉడికినట్టు బుడగలు, వెనక సైలెన్సరులోంచి తెల్లటి పొగ. నాలుగు సిలిండర్లలో రెండు సరిగా పనిచేయడం లేదని చప్పుడే చెబుతోంది. ఇంక ఎక్కించకుండా లారీకి కట్టించి ఇంటికి చేర్చారు.

సెమిలిగుడలో మా మేస్త్రీ విజయనగరం వైపు మనిషి. ఆయన దగ్గర పనిచేసే కుర్రాళ్లు తమలో తాము దేసియా మాట్లాడుకుంటారు, మేస్త్రీతో తెలుగు, బేరగాళ్లతో ఒడియా. ఆయన ఆయిలు పోసే మూత తీసి లోపలి వైపు నాకు చూపించాడు. కాఫీ మీద మీగడలాంటి నురగ. "నీరూ ఆయిలూ కలిసిపోనాయమ్మా. హెడ్డు తియ్యాల" అన్నాడు.

హెడ్డు అంటే ఏమిటో తెలియని అక్కచెల్లెళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. ఇంజను బ్లాకును వరసగా నాలుగు గిన్నెలు అనుకుంటే, హెడ్డు ఆ నాలుగింటికీ కలిపి బిగించిన ఒకే మూత. పెట్రోలు కలిసిన గాలి లోపలికి వచ్చే దారులు, పొగ బయటికి పోయే దారులు, వాటిని మూసి తెరిచే వాల్వులు, నిప్పు రాజేసే ప్లగ్గులు అన్నీ ఆ మూతలోనే. దాని లోపలి గూళ్లలో చల్లబరిచే నీళ్లు తిరుగుతుంటాయి. మూతకూ బ్లాకుకూ మధ్య పలచటి గాస్కెట్టు ఉంటుంది. ఒక పక్క నిప్పు, ఒక పక్క నీరు, ఒక పక్క ఆయిలు. ఈ మూడూ ఒకదాన్నొకటి ముట్టుకోకుండా చూసేవి ఆ హెడ్డూ, ఆ గాస్కెట్టూ.

మా బండిది 1489 సీసీ ఇంజను. ఇంగ్లండులో ఆస్టిన్ కంపెనీ 1947లో మొదలుపెట్టగా తర్వాత బీఎంసీ పేరుతో సాగిన బి-సిరీస్ వంశం. అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న మన పిల్లలు పాత కార్ల ప్రదర్శనల్లో చూసే ఎంజీబీ స్పోర్ట్సు కారుకు 1798 సీసీతో ఉన్నదీ ఈ వంశపు ఇంజనే. ఈ హెడ్డు పోత ఇనుముది. తిరగేసి చూస్తే పెట్రోలు మండే గుంట ఒక్కొక్కటీ గుండె ఆకారంలో ఉంటుంది. పొగ పోయే దారుల్లో మాత్రం ఒక చిక్కుంది. ఒకటి, నాలుగు సిలిండర్లకు విడివిడిగా దారులున్నాయి. మధ్యనున్న రెండు, మూడు సిలిండర్లకు కలిపి ఒక్కటే దారి. అంటే రెండు పొయ్యిల మంట ఒకే గొట్టంలోకి పోతుందన్నమాట. అక్కడి ఇనుము మిగతా చోట్లకంటే ఎక్కువ కాగుతుంది. నీళ్లు తగ్గినా, సరిగా తిరగకపోయినా ముందు ఇబ్బంది పడేది అక్కడే.

మేస్త్రీ ఇంజను పూర్తిగా చల్లారాకే పానా పట్టాడు. హెడ్డు నట్లను అంచుల నుంచి మధ్యకు, ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా వదులు చేసుకుంటూ వచ్చాడు. వేడి మీద ఒకేసారి ఊడదీస్తే బాగున్న హెడ్డు కూడా వంగుతుందట. నట్లన్నీ ఊడినా హెడ్డు కదల్లేదు. స్టడ్ల చుట్టూ ఏళ్లనాటి తుప్పు. సందులో స్క్రూడ్రైవరు దూర్చబోయిన కుర్రాణ్ణి కేకేసి ఆపాడు. ఆ చదును మీద ఒక్క గాటు పడితే చాలు, కొత్త గాస్కెట్టు కూడా నిలవదు. స్టడ్ల మొదట్లో కిరోసిన్ పోసి రాత్రంతా నానబెట్టాడు. మర్నాడు ప్లగ్గులు బిగించే ఉంచి ఇంజను తిప్పించాడు. సిలిండర్లలో గాలి ఒత్తిడికి హెడ్డు తనంతట తనే లేచింది.

రెండు, మూడు సిలిండర్ల మధ్య గాస్కెట్టు కాలి నల్లబడింది. హెడ్డును కడిగి, తిన్నటి ఉక్కు బద్ద దాని మీద ఆనించి, కింది సందులో ఫీలరు రేకులు దూర్చి చూశాడు. అంగుళంలో వెయ్యో వంతును వాళ్లు థౌ అంటారు. నాలుగు థౌల రేకు దూరింది, ఆరు థౌలది దూరలేదు. ఆ మాత్రం వంపుకు ఫేసింగు చేయిస్తే సరిపోతుంది. అసలు భయం పగులు గురించి. అనుమానం ఉన్నచోట కిరోసిన్ రాసి, పైపైన తుడిచేసి, సుద్దపొడి చల్లాడు. కాసేపటికి తెల్లటి పొడి మీద వెంట్రుకంత తడిగీత తేలింది. మూడో సిలిండరు పొగ వాల్వు సీటు దగ్గర మొదలై గుంట గోడవైపు పోయింది. పొడవు అంగుళం కూడా లేదు.

ఆ సాయంత్రం మా పక్కింటి బాబాయిగారు వచ్చి చూశారు. ఆయన సునాబెడ ఇంజను ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయినవారు. మిగ్ విమానాల ఇంజన్ల కోసం హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారు 1964లో పెట్టిన ఫ్యాక్టరీ అది. మా పక్కనున్న ఆ ఊరికి ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ ఉద్యోగాల మీదే వచ్చాయి. మిగ్-21కు ఆర్-11, ఆర్-25 ఇంజన్లు, తర్వాత సుఖోయ్-30కి ఏఎల్-31 ఇంజన్లు అక్కడ తయారయ్యాయి. 2025 సెప్టెంబరులో మిగ్-21 వాయుసేన నుంచి సెలవు తీసుకున్న రోజున బాబాయిగారు టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నారు.

సుద్దపొడి మీది గీతను చూసి ఆయన అన్నారు: "మా దగ్గర దీనికి రంగు ద్రవాలు, అయస్కాంతంతో చేసే పరీక్షలు ఉండేవమ్మా. కంటికి కనపడని సందును కనపడేట్టు చేయడమే అన్నిటి పనీ. కాని ఒక తేడా ఉంది. ఆకాశంలో ఇంజను ఆగితే పక్కకు తీసి నిలుపుకునే చోటు లేదు. అందుకని ఎక్కడ పగిలితే బాగుచేయాలి, ఎంత దాటితే పారేయాలి అన్నది అక్కడ ముందే కాగితం మీద రాసి ఉంటుంది. పని చేసేవాడి ఇష్టానికి వదలరు. మీ బండికి ఆ కాగితం లేదు. మీరే రాసుకోండి."

ఆ మాట నా మనసులో నాటుకుంది. అప్పటికి ఇంట్లో రోజూ ఇదే చర్చ. హైదరాబాదు నుంచి మా అబ్బాయి, "అమ్మా, అమ్మేయండి. నానమ్మకు టాక్సీ మాట్లాడదాం" అంటాడు. వాడి మాటలో న్యాయం ఉంది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ 2014 మేలో ఆగిపోయింది. సామాను దొరకడం ఏటికేడాది కష్టమవుతుంది. మావారేమో పాత హెడ్డు ఇంకొకటి కొందామంటారు. అదీ బాగానే ఉంది గాని, మన హెడ్డులో పగులు ఎక్కడుందో మనకు తెలుసు, కొనే హెడ్డులో ఎక్కడుందో తెలియదు. ఎనభై దాటిన అత్తయ్యగారు మంచం మీద నుంచే, "నన్ను బస్సెక్కించాలంటే ఇద్దరు కావాలి. మన కారయితే నీ చెయ్యి చాలు" అన్నారు. రెండు నెలలకోసారి ఆవిడను విజయనగరం కంటి డాక్టరుకు చూపించాలి.

అభిమానంతోనో, ఖర్చు తగ్గుతుందనో నిర్ణయించే విషయం కాదనిపించింది. పద్దు పుస్తకంలో వెనక పేజీ తీసి మూడు షరతులు రాశాను. ఒకటి, పగులు ఎందుకు పడిందో కారణం దొరకాలి. రెండు, బాగుచేసిన హెడ్డుకు ఒత్తిడి పరీక్ష నా ఎదుట జరగాలి, ఒక్క బుడగ కూడా రాకూడదు. మూడు, మేమిద్దరమే రెండుసార్లు ఘాటు దిగి ఎక్కాకే అత్తయ్యగారు కారెక్కాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా బండి అమ్మేయాలి. కింద మావారిచేత సంతకం పెట్టించాను.

హెడ్డును గోనెసంచిలో చుట్టి బస్సులో సాలూరు తీసుకెళ్లాం. సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. ఘాటు మొదట్లో ఉన్న ఊరు గనుక వేడెక్కి పగిలిన హెడ్డులు అక్కడి పనివాళ్లకు కొత్త కాదు. అక్కడి పెద్దమేస్త్రీ సంచి విప్పకుండానే, "రేడియేటరేదమ్మా?" అని అడిగాడు. తేలేదన్నాం. "హెడ్డొక్కటే తెచ్చీసినారు. జొరం సూడకుండా గాయానికి కట్టు కడితే ఏటి లాభం?" అన్నాడు. నా మొదటి షరతు ఆయనకు చెప్పనే లేదు. మర్నాటి బస్సుకు మావారు రేడియేటరు కూడా తెచ్చారు.

వెల్డింగు చేయవచ్చు కదా అని అడిగాం. పోత ఇనుము గాజులా పెళుసు. ఒకచోట మంట పెడితే అక్కడ వేడి, పక్కన చలువ. చల్లారి ముడుచుకునేటప్పుడు పాత పగులు పక్కనే కొత్తది పుడుతుంది. సరిగా చేయాలంటే హెడ్డంతా ఐదారు వందల డిగ్రీలదాకా నిదానంగా కాచి, ఆ వేడి మీదే వెల్డింగు పట్టి, సున్నంలోనో బూడిదలోనో కప్పెట్టి మెల్లగా చల్లార్చాలి. ఆ తర్వాత ప్రతి చదునూ, ప్రతి బోరూ మళ్లీ సరిచూడాలి. అంత పని చేసే చోట్లున్నాయి, కాని ఇంత చిన్న పగులుకు అది వద్దన్నాడు. మంట లేకుండా కుట్టేస్తానన్నాడు. ఇనుమును కుట్టే ఈ విద్య 1930లలో అమెరికాలో, టెక్సాస్ చమురు క్షేత్రాల్లో పెరిగిందట. నిప్పు పెట్టడానికి వీల్లేని చోట్ల యంత్రాలు పగిలితే అదే దారి.

కుట్టు అంటే నిజంగా కుట్టే. ముందు పగులు చివర చిన్న రంధ్రం వేశాడు, అది ఇక ముందుకు పాకకుండా. తర్వాత పగులు మీద ఒక రంధ్రం వేసి, మర కోసి, అందులో మరమేకు గట్టిగా బిగించి తల కోసేశాడు. రెండో రంధ్రం మొదటి మేకును కాస్త కొరుకుతూ వేశాడు. మూడోది రెండో దాన్ని కొరుకుతూ. మనం రుమాలు మీద వేసే గొలుసుకుట్టే అది. పగులు సీటుదాకా ఉంది గనుక ఆ సీటును బోరు చేసి, గట్టి మిశ్రమలోహపు ఉంగరాన్ని దింపాడు. ఉంగరం బోరుకంటే కొద్దిగా పెద్దదిగా ఉంటుంది. హెడ్డును కాస్త కాచి, ఉంగరాన్ని చల్లబరచి దింపితే, రెండూ ఒక వేడికి వచ్చేసరికి ఇక ఊడిరాదు.

మిగతా మూడు పొగ వాల్వులకు కూడా ఉంగరాలు వేయించమన్నాడు. ఖర్చు పెంచుతున్నాడేమోనని కారణం అడిగాను. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. పాత పెట్రోలులోని సీసం వాల్వుకూ సీటుకూ మధ్య పలచటి పొరగా పట్టి, మెత్తటి ఇనుప సీటును కాపాడేది. మనుషులకు, ముఖ్యంగా పిల్లలకు సీసం విషం, కాబట్టి అది పోవడమే మంచిది. కాని ఆ కాలపు ఇంజన్లలో సీట్లు మెల్లగా అరిగి వాల్వులు లోపలికి దిగబడతాయి. గట్టి ఉంగరాలు ఆ తెగులుకూ మందే. సరేనన్నాను. ఆ తర్వాత వాల్వులను గ్రైండింగ్ పేస్టుతో రుద్ది సీట్లకు కుదిర్చి, అన్నిటికంటే చివర హెడ్డు అడుగును ఫేసింగు చేశారు.

పరీక్ష రోజున నేను స్టూలు వేయించుకుని కూర్చున్నాను. హెడ్డులోని నీటి దారులన్నిటికీ రబ్బరు, ఇనుప పలకలు బిగించి, లోపలికి గాలి ఎక్కించి, వేడినీళ్ల తొట్టిలో ముంచారు. వేడినీళ్లే ఎందుకంటే, చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే పగులు వేడికి తెరుచుకుంటుంది. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత కుట్టు దగ్గర్నుంచి ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. ఇంకొంత సేపటికి మరొకటి. ఎవరూ మాట్లాడలేదు. కళ్లెదుట ఎంతో పని, మరి పుస్తకంలో రాసుకున్న షరతు. నేను నోరు తెరిచేలోగా పెద్దమేస్త్రీయే, "మీరు సూడకపోయినా నేనిది పంపనమ్మా" అని గాలి తీసేశాడు. చివరి మేకును తొలిచి, కొంచెం లావు మేకు వేసి, మర్నాడు మళ్లీ ముంచారు. పావుగంట చూశాను. నీళ్లు కదల్లేదు.

ఇక జ్వరం సంగతి. రేడియేటరు పై ట్యాంకు విప్పితే గొట్టాల్లో చాలా భాగం తుప్పుతో, ఎర్రమట్టితో పూడిపోయి ఉన్నాయి. థర్మోస్టాటు ఉండవలసిన గూడు ఖాళీ. ఎప్పుడో, ఎవరి చేతిలోనో, వేడి దేశంలో ఇదెందుకని తీసేశారు. రేడియేటరు మూత స్ప్రింగు చచ్చిపోయింది. ఈ మూత సంగతి కొండమీదివాళ్లు తప్పక తెలుసుకోవాలి. సెమిలిగుడ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ మూతలేని గిన్నెలో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందుకే పప్పు ఉడకదని కుక్కరు పెడతాం. రేడియేటరు మూత చేసేదీ కుక్కరు వెయిటు పనే. ఒక్కో పౌను ఒత్తిడికి నీళ్లు మరిగే వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది. వెయిటు పాడైతే ఘాటులో నీళ్లు ముందే మరిగిపోతాయి. ఆవిరి పట్టినచోట నీళ్లు ఉండవు, నీళ్లు లేనిచోట ఇనుము కాగుతుంది. కొత్త కోరు, కొత్త మూత, థర్మోస్టాటు, మామూలు నీళ్లకు బదులు కూలెంటు. బ్లాకులోని నీటి గూళ్లలో నాలుగో సిలిండరు వెనక పేరుకున్న బురద తీసినందుకు మా మేస్త్రీకి ఒక పూట పట్టింది. కారణం దొరికింది. మొదటి షరతు తీరింది.

బిగించేటప్పుడు మేస్త్రీ తొందరపడలేదు. టార్క్ రెంచితో మధ్య నుంచి అంచులకు, మూడు విడతలుగా, చివరికి 40 అడుగు-పౌన్లకు తెచ్చాడు. టాపెట్లకు 15 థౌల గ్యాపు. అందులో ఒక చక్కటి లెక్క నేర్చుకున్నాను. ఎనిమిది వాల్వుల్లో ఒకటోదాని గ్యాపు పెట్టాలంటే ఎనిమిదోది పూర్తిగా తెరుచుకుని ఉండాలి, రెండోదానికి ఏడోది, మూడోదానికి ఆరోది. రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. షెడ్డులో కుర్రవాడు ఒడియాలో లెక్కపెడుతుంటే నేను తెలుగులో సరిచూశాను. ఇంజను ఒకసారి కాగి చల్లారాక, మళ్లీ 500 కిలోమీటర్లు నడిచాక నట్ల బిగువు తిరిగి చూశాడు.

మావారూ నేనూ రెండుసార్లు సాలూరు దిగి ఎక్కాం. రెండుసార్లూ ముల్లు మధ్య గీత దాటలేదు. మూడోసారి అత్తయ్యగారు ఎక్కారు. సుంకి వచ్చేసరికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. 2022లో కన్నుమూసేదాకా ఆవిడ కంటి డాక్టరు దగ్గరికి అదే కారులో వెళ్లొచ్చారు.

ఇప్పటి కార్లు వేరు. చాలావాటి హెడ్డులు అల్యూమినియంవి. వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెండింతలు సాగుతుంది, కాబట్టి అవి పగలకముందే వంగుతాయి. ముల్లు ఎర్రగీత ముట్టాక ఇంకో మలుపు దాటిద్దామనుకునే వ్యవధి కూడా ఇవ్వవు. కాని షెడ్డులో అడగవలసిన ప్రశ్నలు మారలేదు. ఎందుకు వేడెక్కింది? పగులుందో లేదో ఎలా చూశారు? ఒత్తిడి పరీక్ష ఎప్పుడు చేస్తారు, నేను రావచ్చా? ఈ మూడింటికీ విసుక్కోకుండా జవాబు చెప్పే మేస్త్రీ దొరికితే పని ఇవ్వండి. పగిలినచోటు కాలువ దారులు దాటి ఆయిలు దారుల్లోకి పోయిందనో, ఒకటికి నాలుగు పగుళ్లున్నాయనో ఆయనే చెబితే, ఎంత ఇష్టమైన బండి అయినా ఆ హెడ్డును వదిలేయండి.

పద్దు పుస్తకంలో ఆ వెనక పేజీ అలాగే ఉంది. మూడు షరతుల కింద ఇప్పుడు తేదీల వరస ఒకటి చేరింది. ప్రతి ఏడూ దసరా వెళ్లాక రేడియేటరు కడిగించి కూలెంటు మార్పిస్తాం. ఆ రోజు తేదీ నేనే రాస్తాను.